నల్లరాయి ఎటు పోయింది

ఆ ఇంట్లో ‘కుడి’ అనే మాట ఎవరూ అనరు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఈ సంగతి ఆమె చెవిన ఎవరూ వెయ్యలేదు. భోజనాల బల్ల దగ్గర మామగారు ఉప్పు డబ్బా కోసం తడుముకుంటుంటే, "మీ కుడిపక్కనే ఉంది మామయ్యగారూ" అనేసింది. అత్తగారు బల్ల కింద ఆమె కాలు తొక్కింది. భర్తకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. మామగారు మాత్రం ఉప్పు వేసుకోకుండానే ఆ చప్పిడి తిండి తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

తర్వాత గిన్నెలు తోముతూ అత్తగారు అసలు కథ విప్పింది. కాలనీ చివర ఒక చిన్న కొండ, ఆ కొండలో ఒక చిన్న క్రోమియం గని. పెద్ద కంపెనీలు కన్నెత్తి చూడనంత చిన్నది. మామగారు దానికి ఆఖరి మేస్త్రీ. సొరంగంలో క్రోమియం ఉండే నల్లరాయి వెంట తవ్వుకుంటూ వెళ్తుంటే ఒకరోజు అది కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఇవతల నల్లరాయి, అవతల ఎందుకూ పనికిరాని ఆకుపచ్చ రంగు రాయి. ఇక ఎటు తవ్వాలి? మేస్త్రీ కుడి అన్నారు. డ్రిల్లింగు మిషను పట్టే ఆయన స్నేహితుడు ఎడమ అన్నాడు. గనిలో చివరి మాట మేస్త్రీది కాబట్టి కుడికే తవ్వారు. ఏడాది పొడుగునా తవ్వారు. పచ్చరాయి తప్ప ఇంకేమీ తగల్లేదు. యజమాని చేతులెత్తేశాడు, గని మూతపడింది, కాలనీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

"ఎడమకి తవ్వుంటే ఇవాళ అందరం ఇక్కడే ఉండేవాళ్ళం కదా అని, వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కళ్ళూ మా గుమ్మం ముందు ఆగి మరీ అని వెళ్ళారు," అంది అత్తగారు. "మూటలు సర్దుకున్న మనిషి నోరు తీపిగా ఎందుకుంటుందిలే. కానీ ఈయన అదంతా మనసులో పెట్టేసుకున్నారు."

ఆ దెబ్బతో మేస్త్రీ ఏదీ తేల్చి చెప్పడం మానేశారు. అప్పటికీ ఇప్పటికీ ముప్పై ఏళ్ళు దాటాయి. నీలం చొక్కా వేసుకుంటారా, తెల్లదా అంటే "మీ ఇష్టం" అంటారు. జుట్టు పొట్టిగా కత్తిరించాలా అని సెలూన్ అతను అడిగితే "నీ ఇష్టం" అంటారు. ఒకసారి మోకాళ్ళ నొప్పులకి వెళ్తే డాక్టరు ఏ కాలు ఎక్కువ నొప్పి అని అడిగాడట. మేస్త్రీ రెండు కాళ్ళనూ మార్చి మార్చి చూసుకుని, "మీరే చూసి చెప్పండి" అన్నారట. ఈ ముక్క చెప్పినప్పుడల్లా అత్తగారు పడీ పడీ నవ్వుతుంది. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుంటుంది.

ఇక ఆ డ్రిల్లరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అందుకని గనిలో అందరూ అతన్ని పిడుగు అనేవాళ్ళు. గని పోయాక బజారు మొదట్లో సైకిళ్ళు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఒకే కంచంలో తిన్న స్నేహితులు, గని మూతపడిన రోజు నుంచీ ఒకరితో ఒకరు పలకలేదు. బజారు పనులకి మేస్త్రీ వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్తారు. పిడుగు చెడ్డవాడేం కాదు. కాకపోతే దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ, టైరులో గాలి కొడుతూ కొడుతూ, "నేను ఆ రోజే ఎడమ అన్నాను" అని ఒకసారి చెప్పకపోతే అతనికి పొద్దు పోదు.

కోడలు చదివింది రాళ్ళ చదువు. గనుల శాఖ కార్యాలయంలో భూగర్భ శాస్త్రం చూసే ఉద్యోగం. పాడుబడిన గనుల నోళ్ళన్నీ మూసెయ్యాలని ఆ ఏడాది పైనుంచి ఆదేశం వచ్చింది. ఆడుకునే పిల్లలు లోపలికి పోకుండా అన్నమాట. ఎవరి వాటాకి వచ్చిన గనిలోకి వాళ్ళు వెళ్ళి చూసి, కాంక్రీటుతో పూర్తిగా బిగించాలో, ఇనుప ఊచల తలుపు పెట్టి వదిలెయ్యొచ్చో రాసివ్వాలి. కార్యాలయంలో అందరికీ కాంక్రీటే ముద్దు. ఒకసారి పోసేస్తే మళ్ళీ ఆ ఊసెత్తక్కర్లేదు. మామగారి గని ఎవరూ అడక్కుండానే కోడలి వాటాకి వచ్చింది. ఆమె ఇంకా ఏమీ రాయకముందే సిమెంటు బస్తాలు తెచ్చి గని ముందు దించేశారు కూడా.

ఆమె ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు మామగారు టీ తాగుతున్నారు. కప్పు కింద పెట్టి, "నేనూ వస్తాను," అన్నారు.

అత్తగారి చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. ఆయన నోట అంత తెగువగల మాట విని చాలా కాలమైంది.

"మూసేస్తే ఇక తెలిసే దారే ఉండదు," అన్నారు మామగారు. "నల్లరాయి ఎటు పోయిందో ఆ గోడ చూసి చెప్పగలవా అమ్మా?"

"చెప్పగలననే అనుకుంటున్నా మామయ్యగారూ. కానీ..." కోడలు నీళ్ళు నమిలింది. "ఎడమ అని తేలితే?"

"ఎడమైతే ఎడమ అనే చెప్పు. నా మొహం చూసి చెప్పకు, రాయిని చూసి చెప్పు."

ఆమె సరేనంది. వంటింట్లోకి అడుగు పెట్టగానే అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"ఎడమని తేలినా సరే, నువ్వు మాత్రం కుడే అని చెప్పు తల్లీ. ఆయనకి డెబ్భై దాటాయి. ఒక్క అబద్ధం. నీ రాళ్ళేం లేచొచ్చి నీ మీద చాడీలు చెప్పవులే."

కోడలు అటు మామగారికి మాట ఇచ్చింది, ఇటు ఈ చెయ్యి వదలదు. మామగారంటే ఆమెకు ప్రాణం. ఉద్యోగంలో చేరిన రోజున మంచి బూట్లు కొనితెచ్చి, తాళ్ళు ఎలా బిగిస్తే తడి రాయి మీద జారవో నేల మీద కూర్చుని నేర్పింది ఆయనే. ఆ మనిషి మొహం మీద ఎడమ అని చెప్పడం ఆమె వల్ల కాదు. కుడి అని అబద్ధమాడి, రోజూ ఆయన ఎదురుగా కూర్చుని తినడం కూడా ఆమె వల్ల కాదు.

సెలవు రోజు చూసుకుని, పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. కొండ దాకా బాట వాగు పక్కనే వెళ్తుంది. ఇంట్లో ముక్తసరిగా ఉండే మామగారికి ఆ బాట ఎక్కగానే మాటలు ఊరాయి. గని పుట్టుక ఆయనకు ఆయన తాత చెప్పిన కథ.

మొట్టమొదట నల్లరాళ్ళు దొరికింది ఈ వాగులోనేనట. ఇనుము కరిగించే ఆసామి ఒకడు వాటి నలుపూ బరువూ చూసి ఇనుపరాయే అనుకున్నాడు. బండ్లకొద్దీ ఏరించి కొలిమిలో పోశాడు. ఎంత బొగ్గు తగలేసినా రాయి కరగలేదు. పంతానికి పోయి ఇంకా బొగ్గు వేశాడు. చివరికి కొలిమి పగిలింది గానీ రాయి మాత్రం చెక్కు చెదరలేదు. వాటిని నానా తిట్లూ తిట్టి, దారి పక్కన పారబోయించి, ఆసామి తట్టాబుట్టా సర్దుకున్నాడు. అలా పారబోసిన రాళ్ళను చూసి ఇంకొకడికి బుద్ధి పుట్టింది. ఇంత వేడికీ కరగని రాయిని కొలిమిలో వెయ్యడం ఎందుకు, దీనితోనే కొలిమి లోపలి గోడ కట్టుకుంటే పోలేదా అనుకున్నాడు. కట్టాడు. అది పగల్లేదు. దాంతో రాయికి గిరాకీ పుట్టింది. వాగు వెంబడి వెతుక్కుంటూ వచ్చి, కొండ పక్కన నల్లరాయి బయటికి పొడుచుకొచ్చిన చోట సొరంగం మొదలుపెట్టారు.

"తర్వాత ఎక్కడో దూరాన యుద్ధం వచ్చిందట. తుప్పు పట్టని ఉక్కు కావాలని ఈ రాయిని ఎగబడి కొన్నారు," అన్నారు మామగారు. "నా రోజులొచ్చేసరికి కుళాయిల మెరుపుకీ, సైకిలు హ్యాండిళ్ళకీ, తోళ్ళ కార్ఖానాలకీ వెళ్ళేది. వయసులో ఉండగా ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ కుళాయి చూసేవాణ్ణి. మెరుస్తుంటే, ఇది మన కొండదే అయ్యుంటుందిలే అనుకునేవాణ్ణి. పిచ్చి."

"పిచ్చేం కాదు," అంది కోడలు. "నేనూ చూస్తాను."

గని దగ్గరికి వచ్చేసరికి సిమెంటు బస్తాల మీద పిడుగు కూర్చుని ఉన్నాడు. పక్కనే అతని సైకిలు.

మామగారు నడక ఆపేశారు. ఇప్పుడే, ఇక్కడే, ముప్పై ఏళ్ళ తగువు తెగేదాకా సాగుతుందేమో అనుకుంది కోడలు. పిడుగు మాత్రం మేస్త్రీ వైపు చూడనైనా చూడకుండా ఆమెతో అన్నాడు.

"అమ్మాయ్, మొగ దగ్గర మనిషిని పెట్టకుండా గనిలోకి వెళ్ళమని ఏ చదువులో చెప్పారు?"

"మా ఆఫీసు డ్రైవరు వస్తానన్నాడండీ."

"డ్రైవరుకేం తెలుసు పట్టా కొట్టడం?"

ఆ గనిలో ఒక పద్ధతి ఉండేది. లోపల ఒక్క మనిషి ఉన్నా సరే, సొరంగం మొగ దగ్గర ఇంకొకడు కాపు ఉండాలి. బండ్లు నడిచే ఇనుప పట్టా మీద ఉండీ ఉండీ రాయితో కొడుతుండాలి. లోపలివాళ్ళు వెంటనే తిరిగి కొట్టాలి. జవాబు రాకపోతే కాపువాడు ఉన్నపళంగా లోపలికి పరిగెత్తాలి. దీన్ని మొగకాపు అనేవాళ్ళు. కొట్టుకున్నవాళ్ళైనా, తిట్టుకున్నవాళ్ళైనా, వంతు వస్తే ఆ కాపు తప్పించుకున్నవాడు లేడు. మేస్త్రీ గనిలోకి వెళ్తున్నాడని బజార్లో విన్న పిడుగు, ఆ రోజుకు దుకాణం మూసేసి వచ్చి కూర్చున్నాడు. కోపం కోపమే, కాపు కాపే.

"అమ్మాయ్, రెండో మలుపు దగ్గర కప్పు పెచ్చులూడేది. తల వంచుకొమ్మని మీ మామగారికి చెప్పు," అన్నాడు.

మామగారు ఆమె భుజం పక్కనే ఉన్నారు. "నాకు తెలుసని చెప్పమ్మా."

"తెలుసట," అంది కోడలు.

"తెలిస్తే మంచిదేనని చెప్పు."

ఇలా అయితే పొద్దుపోతుందని ఆమె చెడు గాలిని పసిగట్టే యంత్రం ఆన్ చేసి, హెల్మెట్ దీపం వెలిగించి ముందుకు నడిచింది. మామగారు రెండడుగులు వేసి, ఆమెను పక్కకు జరగమని తానే ముందు వెళ్ళారు.

లోపల చీలమండలు మునిగేంత నీళ్ళు. కోడలు ముందుగా నీటి రంగు చూసింది. క్రోమియం గనుల్లో నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయంటే విషం కింద లెక్క. ఇవి తేటగా ఉన్నాయి. గోడలు పాము చర్మంలా నిగనిగలాడే పచ్చరాయి, ముట్టుకుంటే సబ్బులా జారుతుంది. ఆ పచ్చదనంలో నల్లరాయి ముద్దలు ముద్దలుగా ఇరుక్కుని ఉంది. తీసేసిన చోట ముద్ద ఆకారంలోనే ఖాళీ మిగిలింది.

ఆ రాయి పుట్టిందెక్కడో ఆమె నడుస్తూ చెప్పింది. కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగుకన్నా ఎంతో లోతున, కరిగిన రాయిలో నల్ల గింజలు గడ్డకట్టి, బరువుకి ఒకచోట చేరి ముద్దలయ్యాయి. తర్వాత భూమి ఆ అడుగునంతా మడిచి, నలిపి, పైకి నెట్టుకొచ్చి కొండను చేసింది. ఆ నలుగుడులోనే చుట్టూ ఉన్న రాయి నీళ్ళు తాగి పచ్చబడింది.

"ముద్దలా," అన్నారు మామగారు ఆగి. "మేం తీగ అనుకునేవాళ్ళం. తీగైతే ఎక్కడో ఒకచోట మళ్ళీ తగలాలి కదా అనుకునేవాళ్ళం."

వెనక నుంచి పట్టా ఠంగుమంది. మామగారు వంగి, రాయి తీసుకుని తిరిగి కొట్టారు. పట్టా కొట్టి జవాబు చెప్పుకోవడం మాట్లాడుకోవడం కిందికి రాదు కాబోలు అనుకుని కోడలు లోపల నవ్వుకుంది.

రెండో మలుపు దాటాక నల్లరాయి తీరు మారింది. మొగ దగ్గర అది బొగ్గులా ఒకటే నలుపు. ఇక్కడ లేతపచ్చటి రాయిలో మిరియాలు గుచ్చినట్టు గుండ్రటి నల్ల మచ్చలు. ఆ మచ్చలరాయి వెంట కొంచెం దూరం పోయాక, నల్లరాయిని కోసేసిన గోడ అడ్డొచ్చింది.

మామగారు దూరంగానే నిలబడిపోయారు. గోడకు కుడివైపు ఆయన తవ్వించిన సొరంగం, దీపం వెలుగు అందనంత పొడుగున, నల్లగా నోరు తెరుచుకుని ఉంది. కోడలు అందులోకి కాసేపు చూసింది. ఏడాది అంటే మాటల్లో చిన్నదే. కళ్ళతో చూస్తే గానీ అది ఎంత పొడుగో తెలియలేదు. ఇంతమంది ఇన్ని రోజులు ఈ ఉత్త రాయిని చెక్కారు, ప్రతిరోజూ ఈయన రేపు తగులుతుందని వాళ్ళకు చెప్పి ఉంటారు.

"ఇక్కడ నల్లరాయి తోక కొంచెం కుడికి వంగినట్టు కనిపించిందమ్మా," అన్నారు మామగారు. ఆయన నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు. "పిడుగేమో ఎడమ నుంచి నీరు ఊరుతోంది, అటే ఉంటుందన్నాడు. ఇద్దరం ఇక్కడే నిలబడి అరుచుకున్నాం. నువ్వు చూడు."

ఆమె చూడవలసింది ఆ కోత గోడను. భూమిలో ఒక దిమ్మ ఇంకో దిమ్మను రాసుకుంటూ జారినప్పుడు, మిగిలిన దిమ్మ మీద గీతలు పడతాయి. గీతల వెంట అరచెయ్యి పెట్టి నిమిరితే, పోయిన దిమ్మ ఎటు పోయిందో అటువైపు నున్నగా ఉంటుంది, ఎదురు నిమిరితే గరుగ్గా తగులుతుంది. పిల్లిని నిమిరినట్టే. చదువులో మొదటి ఏడాదే నేర్పే విద్య. కాకపోతే ఈ గోడ మీద వేలెడు మందాన బురద పేరుకుని ఉంది. తవ్వే రోజుల్లో దీన్ని రాతిపొడి కప్పేసి ఉంటుంది. పైగా ఎటు అన్న గొడవలో గోడను తుడిచి చూసే ఓపిక ఎవరికుంటుంది.

ఆమె గుడ్డ తడిపి తుడవడం మొదలుపెట్టింది. గీతలు అడ్డంగా ఉంటాయి, కుడికో ఎడమకో పోతాయి, అదేదో తేలిపోతుంది. అత్తగారి మొహం కళ్ళ ముందు కదిలింది. ఎడమ అయితే చెబుతాను, చెప్పి ఈయన చెయ్యి వదలకుండా ఇంటిదాకా పట్టుకుని నడుస్తాను అని నిశ్చయించుకుంది. ఆ నిశ్చయం అయ్యాక గుడ్డ ఇంకోసారి తడిపింది.

బురద పోయింది. అద్దంలా మెరిసే పచ్చటి గోడ మీద గీతలు బయటపడ్డాయి. ఆమె దీపం దగ్గరగా పెట్టి చూసింది. కాసేపు ఏమీ అర్థం కాలేదు.

గీతలు అడ్డంగా లేవు. నిలువుగా ఉన్నాయి.

అరచెయ్యి ఆనించి కిందికి నిమిరింది. గరుకు. పైకి నిమిరింది. నున్నగా జారింది.

"మామయ్యగారూ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

ఆయన చెయ్యి తెచ్చి గోడకు ఆనించి, కిందికీ పైకీ నిమిరించింది. ఆ చెయ్యి రాళ్ళలోనే అరిగిన చెయ్యి, దానికి వేరే చెప్పక్కర్లేదు. ఆయన తల ఎత్తి కప్పు వైపు చూశారు.

"పైకా?"

"పైకే. నేను కూడా ఆఫీసులో కాగితం మీద రెండు బాణాలే గీసుకుని వచ్చాను, ఒకటి ఇటు, ఒకటి అటు. పైకి ఒకటి గీయాలని తోచలేదు."

"పట్టాలు," అన్నారు మామగారు. "బండి పట్టాల మీద పోవాలి కదా. పట్టాలు కుడికి తిరుగుతాయి, ఎడమకి తిరుగుతాయి. పైకి ఎక్కడ పోతాయి? పుట్టి బుద్ధెరిగాక మాకు తెలిసింది రెండే దిక్కులు."

ఆమె నవ్వబోయింది. ఆయన పట్టా మీద కూలబడడం చూసి నవ్వు ఆగిపోయింది.

"అయితే పైకి తవ్వాల్సింది," అన్నారు. "మూడు దారులుంటే నాకు రెండే కనిపించాయి. అందులోనూ తప్పుదే పట్టుకున్నాను. పైకి తవ్వుంటే వాళ్ళంతా ఇక్కడే ఉండేవాళ్ళు."

కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి. అబద్ధం చెప్పకుండానే గట్టెక్కామనుకుంటే, పాత బండ దించి కొత్త బండ నెత్తికెత్తినట్టయింది. అటు పట్టా ఠంగుమంది. మామగారు కదల్లేదు. ఆమే గబగబా రాయి తీసి కొట్టింది. కొడుతుంటే, కప్పు నుంచి ఒక నీటిచుక్క ఆమె చేతిమీద పడింది. దీపం పైకెత్తి చూస్తే కప్పు పగుళ్ళలోంచి సన్నగా గడ్డివేళ్ళు దిగి ఉన్నాయి.

"మామయ్యగారూ, ఇప్పుడు మన నెత్తిమీద ఏముంది?"

"ఏముందీ. వాగు పుట్టే చరియ. ఇక్కడ కొండ పలచన."

"మొన్న నేను ఆ చరియంతా నడిచి చూశాను. కోతకు అవతలి గట్టు మొత్తం ఉత్త పచ్చరాయి. నల్లరాయి గింజ కూడా లేదు." ఆమెకు మాటలు తోసుకొస్తున్నాయి, అయినా ఆపుకుని అడిగింది. "వాగులో మొట్టమొదట దొరికిన రాళ్ళు ఎలా ఉండేవి?"

"ఎలా ఉంటాయి? నల్లగా, మచ్చలు మచ్చలుగా. మా తాత ఒకటి తలుపు గాలికి కొట్టుకోకుండా పెట్టుకునేవాడు..."

ఆయన ఆగిపోయారు. పక్కనున్న మచ్చలరాయి గోడ మీద చెయ్యి వేశారు. సొరంగం పొడుగునా చూశారు, మొగ వైపు, మళ్ళీ గోడ వైపు.

"మొగ దగ్గర మచ్చలరాయి లేదు," అన్నారు నెమ్మదిగా. "నడిమధ్యనా లేదు. కొండ మొత్తానికి ఇక్కడొక్క చోటే ఉంది. మరి వాగులోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

కోడలికి అప్పటికే తెలిసిపోయింది. ఆ జవాబు ఆయనదే కావాలనిపించింది.

"అది పైకి పోయింది," అన్నారు మామగారు. "పైకిపోయి కొండ బయట తేలింది. వానలకి అరిగి, విరిగి, చరియలో పడి, వాగులో కొట్టుకొచ్చింది. మేం పుట్టకముందే. మా తాత పుట్టకముందే. ఆ రాళ్ళను చూసేగా మనుషులు ఈ కొండ దగ్గరికి వచ్చారు. నేను వెతికిన సగం..." అరచెయ్యి ఆ మచ్చల మీదే ఉంచారు. "అది పోలేదమ్మా. మొదటే దొరికేసింది."

"పైకి తవ్వుంటే?" అంది కోడలు.

"గడ్డి తగిలేది. తర్వాత ఆకాశం." ఆయన నవ్వుతున్నారు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కోడలు కూడా ఏడ్చింది. చీకట్లో ఎవరు చూడొచ్చారని తుడుచుకోలేదు కూడా.

పట్టా మళ్ళీ మోగింది, ఈసారి వరసగా, కంగారుగా. అవును మరి, ఇద్దరూ జవాబు సంగతే మరిచిపోయారు. మామగారు రాయి అందుకునేలోపే సొరంగంలో నీళ్ళు చిమ్ముకుంటూ పరిగెత్తుకొచ్చే చప్పుడు వినిపించింది. డెబ్భై ఏళ్ళ పిడుగు, దీపం లేకుండా, గోడలు తడుముకుంటూ వచ్చి వాళ్ళ వెలుగులో పడ్డాడు. ఎగశ్వాసగా ఉంది. రెండో మలుపు దగ్గర తల వంచుకోవడం తానే మరిచిపోయినట్టున్నాడు, నుదురు దోక్కుపోయింది.

"పట్టా కొడితే పలకవేం మేస్త్రీ? పోయావనుకున్నా," అని అరిచాడు. అరిచాక గానీ తాను ఎవరితో మాట్లాడాడో అతనికి తెలియలేదు.

పిడుగు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇలా రా," అన్నారు మేస్త్రీ. "చెయ్యి ఇలా పెట్టు. కిందికి నిమురు. ఇప్పుడు పైకి."

పిడుగు నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. డ్రిల్లరు చెయ్యి అది, మేస్త్రీ చేతికన్నా త్వరగానే కనిపెట్టింది. కోడలు గీతల సంగతీ, చరియ సంగతీ, వాగులో మచ్చలరాళ్ళ సంగతీ ఒక్కొక్కటే చెప్పింది. చెబుతూ అతని మొహం చూస్తే ఆమెకు కొత్త బెంగ పట్టుకుంది. మామగారి నెత్తిన బరువు దిగింది సరే. ఇన్నేళ్ళూ ‘ఎడమ’ అన్నానన్న ఒక్క మాట మీద బతికిన ఈ మనిషికి ఏం మిగిలింది?

పిడుగు గోడ మీంచి చెయ్యి తీసి, ఎడమవైపు రాతిని చూశాడు. ఎవరూ ఎన్నడూ తవ్వని రాయి. "అయితే నాదీ తప్పే," అన్నాడు.

"తప్పే," అన్నారు మేస్త్రీ. "నా మాట పక్కనపెట్టి నీ మాట వినుంటే ఏడాది అటు తవ్వేవాళ్ళం. అప్పుడు అందరూ నిన్ను అనేవాళ్ళు."

"నేను తట్టుకునేవాణ్ణి కాదు," అన్నాడు పిడుగు. అని తల దించుకున్నాడు. "అందరూ నిన్ను అంటుంటే వింటూ ఊరుకున్నాను. ఊరుకోవడమేంటి, నేనూ అన్నాను. రోజూ అన్నాను."

మేస్త్రీ జేబులోంచి రుమాలు తీసి, నీళ్ళలో తడిపి, పిడుగు నుదుటి మీద రక్తం తుడిచారు. అతను చిన్నపిల్లాడిలా మొహం ముందుకు పెట్టి తుడిపించుకున్నాడు.

"మొగ దగ్గర ఎవరూ లేరు," అంది కోడలు గుర్తొచ్చి. "ముగ్గురం లోపలే ఉన్నాం."

"నడవండి నడవండి," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఎవరైనా చూస్తే పరువు పోతుందన్నంత హడావిడిగా నడిచారు.

బయట ఎండ పడింది. సిమెంటు బస్తాల మీద ముగ్గురూ కూర్చున్నారు. కోడలు కాగితం తీసి, కాంక్రీటు వద్దు, ఇనుప ఊచల తలుపు చాలు అని రాసింది. ఆ కాగితంలో కారణాలు అడిగారు గనక అవీ రాసింది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, రెండో మలుపు దగ్గర దన్ను పెడితే కప్పు నిలుస్తుంది, రాయి ఎలా పుట్టిందో, ఎలా విరిగిందో, ఎలా బయటికి వచ్చిందో ఒకే గోడ మీద చూపించగల చోటు ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు, బడిపిల్లలను తెచ్చి చూపించవచ్చు. కార్యాలయంలో ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పించేదాకా ఊరుకోకూడదని మాత్రం ఆమె అనుకుంది.

"పిల్లలొస్తే మొగకాపు ఎవరుంటారు?" అన్నాడు పిడుగు.

"నువ్వూ నేనూ లేమూ?" అన్నారు మేస్త్రీ.

ఇంటికి వెళ్ళేటప్పుడు బజారు మీదుగా వెళ్దామని మేస్త్రీయే అన్నారు. పిడుగు సైకిలు నడిపించుకుంటూ ఒక పక్క, మేస్త్రీ ఇంకో పక్క, మధ్యలో మాటలు. కోడలు కావాలనే కాస్త వెనకబడింది. వాళ్ళిద్దరినీ చూసి సెలూన్ అతను కత్తెర పట్టుకునే వీధిలోకి వచ్చాడు. అతను పిలవకుండానే పిడుగు అక్కడ ఆగి, "ఎడమ కాదురా. నాదే తప్పు. అందరికీ చెప్పు," అన్నాడు. ఆ పెద్ద గొంతుకి వీధి వీధంతా విన్నది. ఇక ఎవరికీ చెప్పే పని లేకపోయింది.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నట్టుంది. మొగుడి పక్కన నడిచొస్తున్న మనిషిని చూసి గుమ్మం గట్టిగా పట్టుకుంది. కోడలు దగ్గరికి రాగానే చెవిలో అడిగింది.

"కుడి అనే చెప్పావా?"

"లేదత్తయ్యా. రెండూ కాదు. అక్కడ ఇంకేమీ మిగల్లేదు. ఎటు తవ్వినా గని మూతపడేదే."

అత్తగారికి అది ఒక్కసారిగా అందలేదు. "ఎటు తవ్వినా?"

"ఎటు తవ్వినా."

ఆమె గుమ్మం వదిలేసి, మేస్త్రీకి ఎదురువెళ్ళింది. ఆయన చొక్కా మీద ఎండిపోయిన బురదను చేత్తో దులిపింది. దులిపే కొద్దీ అది ఇంకా పులుముకుంది. అయినా ఆమె దులుపుతూనే ఉంది.

"మేం పోగొట్టలేదే," అన్నారు మేస్త్రీ. "అది ముందే అయిపోయింది."

"భోజనం వడ్డిస్తాను, రండి," అంది అత్తగారు. తర్వాత పిడుగు వైపు తిరిగి, "నువ్వు కూడా. బయట నిలబడతావేం?" అంది.